ఏసీలో మెషీన్ ఆపాలంటే ఎవరినడగాలి?

గుంటూరులో ఎవరైనా "సరుకు ఏసీలో పెట్టాం" అన్నారంటే మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టారని అర్థం. మిర్చి యార్డు చుట్టుపక్కల, ఊరి నుంచి బయటికి పోయే రోడ్ల వెంబడి ఇవి వందకు పైగా ఉన్నాయి. పెద్దదైతే లక్ష టిక్కీల (మిర్చి బస్తాల) దాకా పడుతుంది. టిక్కీ 40, 45 కిలోలు తూగుతుంది. లోపల 4 నుంచి 8 డిగ్రీల చలి ఉండాలి. రైతుకీ, వ్యాపారికీ, నిల్వ సరుకు బాండు మీద అప్పిచ్చిన బ్యాంకుకీ కనిపించేది ఆ సరుకే. ఆ చలిని పుట్టించే మెషిన్ రూమ్, అందులో తిరిగే అమోనియా, దాన్ని కనిపెట్టుకుని కూర్చునే ఆపరేటరు మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండరు.

వస్తువుల్ని కోల్డ్ స్టోరేజీలో నిల్వ చేయడాన్ని కూడా ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేసిన సవరణతో తయారీ ప్రక్రియల్లో చేర్చారు. చట్టం దీన్ని కార్ఖానాగా చూసింది. ఓనర్లలో చాలామంది ఇప్పటికీ గోడౌనుగానే నడుపుతున్నారు. గోడౌనుకి తాళం చెవులు, గుమాస్తా, లెక్కల పుస్తకం ఉంటే చాలు. అమోనియా ప్లాంటుకి అవి చాలవు. ఇక్కడ పైవాడి మాట తీరు, కోపం, ఓపిక, ఫోను ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న, అన్నీ కింద వాల్వు దగ్గర నిలబడ్డవాడి చేతిలోకి దిగుతాయి. ఎలా దిగుతాయో పనుల వారీగా చూద్దాం.

ముందు హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్ వైపు ఒత్తిడి. అమోనియా కండెన్సర్‌లో 35 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంటే గేజీ మీద సుమారు 180 పీఎస్ఐ చూపిస్తుంది. 40 డిగ్రీలకి 210, 45 డిగ్రీలకి 240 దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు గంటలకి కూలింగ్ టవర్ నీళ్ళే వేడెక్కి ఉంటాయి. బోరు నీళ్ళ సున్నం ట్యూబుల మీద పొరగా కట్టి ఉంటుంది. అదే సమయానికి కల్లంలో ఎండిన బస్తాలు, ఎండలో నిలబడ్డ లారీల్లోంచి సూటిగా ఛాంబర్‌లోకి వస్తుంటాయి. ఆ వేడినంతా ప్లాంటే లాగాలి కాబట్టి ముల్లు పైకి పోతుంది. ఒక హద్దు దాటితే మెషీన్ (కంప్రెసర్) దానంతటదే ఆగిపోవడానికి హెచ్.పీ. కటౌట్ ఉంది. అది రోజుకి నాలుగుసార్లు ట్రిప్ చేస్తుంటే ఆపరేటరుకి రెండే దార్లు. లోడింగు ఆపించడం ఒకటి, కటౌట్ రెండు తీగల్నీ చిన్న ముక్కతో కలిపేసి దాన్ని మూగదాన్ని చేయడం రెండోది.

ఏ దారి పట్టాలన్నది ఆ క్షణంలో తేలే విషయం కాదు. కిందటి వారం లోడింగు ఆపమన్నప్పుడు ఏం జరిగిందో అది ముందే తేల్చేసి ఉంటుంది. "లారీలు రోడ్డు మీద ఉన్నాయి, నీకు తమాషాగా ఉందా?" అని నలుగురిలో అరిపించుకున్నవాడు ఈసారి ఫోను చేయడు. తీగముక్క పెడతాడు. సాయంత్రం ఎండ తగ్గాక తీసేస్తే ఎవరికీ తెలియదు. ఒకరోజు తీయడం మరిచిపోతాడు. అప్పటి నుంచి ఆ ప్లాంటుకి మిగిలిన కాపలా సేఫ్టీ వాల్వు ఒక్కటే. దానిని పరీక్షించి ఎన్నేళ్ళయిందో అడిగే అలవాటు కూడా ఆ ఓనరుకి ఉండదు.

కటౌట్‌ని తప్పించడం ఆపరేటరు తప్పేనని రాసేస్తే రిపోర్టు ముగిసిపోతుంది. నేను అలా రాయను. ట్రిప్పు అంటే ప్లాంటు ఓనరుకి చెబుతున్న కబురు. కబురు తెచ్చినవాణ్ణి తిట్టారు కాబట్టి అతను కబురునే ఆపేశాడు.

ఓపిక ఉన్న ఓనరు అయితే ఇంకో ప్రశ్న వేస్తాడు: ప్రెషర్ ఎందుకు పెరిగింది? కారణాలు నాలుగైదే. టవర్ ఫ్యానో పంపో సరిగా లేదు, ట్యూబులు సున్నం పట్టాయి, లోడు ఎక్కువైంది, రిసీవర్ (ద్రవ అమోనియా నిలవుండే ట్యాంకు) నిండి ద్రవం కండెన్సర్‌లోకి ఎదురు తన్నింది, లేదా సిస్టమ్‌లోకి గాలి చేరింది. గాలి సంగతి తేల్చడం తేలిక. కంప్రెసర్లు ఆపి, కండెన్సర్ నీళ్ళు నడుస్తూనే ఉంచాలి. నీళ్ళు లోపలికి వెళ్ళే ఉష్ణోగ్రత, బయటికి వచ్చే ఉష్ణోగ్రత ఒకటయ్యేదాకా ఆగాలి. అప్పుడు నీళ్ళు 30 డిగ్రీలుంటే గేజీ 155 దగ్గర నిలవాలి. 175 చూపిస్తే ఆ తేడా గాలిదే. పర్జ్ గొట్టం చివర బకెట్ నీళ్ళలో ముంచి కొద్దికొద్దిగా వదిలితే గాలి బుడగలుగా పైకొస్తుంది, అమోనియా నీళ్ళలో కరిగిపోతుంది. బుడగలు తగ్గి నీళ్ళు చిటపటమంటుంటే గాలి అయిపోయినట్టే. దీనికి మెషీన్ రెండు మూడు గంటలు ఆగాలి. ఆ గంటలు అడిగే ధైర్యం ఆపరేటరుకి ఉందా అన్నదే నిర్వహణ. అది లేనిచోట గాలి సీజనంతా లోపలే తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, తీగముక్క అక్కడే ఉంటుంది.

ఇలాంటి ఏసీల్లో మామూలుగా చేసే పనుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆయిల్ డ్రెయిన్ చేయడం. కంప్రెసర్ నుంచి అమోనియాతోపాటు కొట్టుకుపోయిన ఆయిల్ బరువెక్కువ కాబట్టి పాత్రల అడుగున చేరుతుంది. దాన్ని తీయాలంటే ముందు ఆయిల్ పాట్‌ని (ఆయిల్ చేరే చిన్న పాత్రని) మిగతా సిస్టమ్ నుంచి వేరుచేయాలి. అందులో చిక్కుకున్న అమోనియాని సక్షన్ వైపు (కంప్రెసర్ పీల్చుకునే వైపు) లాగించి, పాట్ వేడెక్కి, పైన పట్టిన మంచు కరిగేదాకా ఆగాలి. ఆ తర్వాత వాల్వు కొంచెంగా తెరవాలి. చేతి వాల్వు తర్వాత స్ప్రింగ్ వాల్వు ఒకటి ఉండాలి. చెయ్యి తీస్తే అది దానంతటదే మూసుకుంటుంది. ఇద్దరు మనుషులు, గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కు, దగ్గర్లో నీళ్ళు, తలుపు తెరిచి. పని ముగిసేదాకా ఎవరూ కదలకూడదు.

ఎక్కడ చెడుతుందంటే, చలికి ఆయిల్ తేనెలా చిక్కబడి చుక్కచుక్కగా వస్తుంది. విసుగేసి వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. స్ప్రింగ్ వాల్వు ఉంటే దాని పిడిని తాడుతో కట్టేస్తాడు. ఈలోగా ఫోను మోగుతుంది. రెండో రింగుకి ఎత్తకపోతే ఓనరు గారికి కోపం వస్తుంది. సిగ్నలు కోసం గుమ్మం దాకా వెళతాడు. వెనకాల ఆయిల్ అయిపోయి, దాని వెంట ద్రవ అమోనియా దూకుతుంది. ఒక లీటరు ద్రవం ఆవిరైతే 850 లీటర్ల దాకా గ్యాసవుతుంది. తిరిగొచ్చి వాల్వు మూద్దామంటే గదిలోకి అడుగు పెట్టలేడు.

అందుకే ఓనర్లకి నేను చెప్పే మొదటి మాట వాల్వు గురించి కాదు, ఫోను గురించి. మెషిన్ రూమ్ ఆపరేటరు మీ ఫోను ఎత్తకపోతే పనిలో ఉన్నాడని అర్థం, అరగంట తర్వాత చేయండి. ఆయిల్ తీసే ముందు ఫోను ఆఫీసులో గుమాస్తాకి ఇచ్చి వెళ్ళడం రూలుగా పెట్టండి. పైసా ఖర్చు లేని ఈ రూలు అమలు కావాలంటే మాత్రం, తన ఫోను ఎత్తలేదన్న కోపాన్ని ఓనరు మింగాలి.

ఇక భాష. మన దగ్గర కిందివాడు పైవాడికి చెడ్డ కబురు సూటిగా చెప్పడు. "ప్రెషర్ కొంచెం ఎక్కువగా ఉన్నట్టుందండీ", "ఒకసారి చూస్తే బాగుంటుందేమోనండీ" అంటాడు. "ఉన్నట్టుంది", "ఏమో" అన్న మాటల్లో మర్యాద ఉంది, వినయం ఉంది, సమాచారం మాత్రం లేదు. వినేవాడు తొందరలో ఉంటే అది అనుమానంలా వినిపిస్తుంది. "ఏం కాదులే, కానివ్వు" అనేస్తాడు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కి పరుగు మొదలెట్టిన కేఎల్ఎమ్ విమానంలో, అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చింది. అడిగాడు కూడా, కాకపోతే ప్రశ్నలా అడిగాడు. కెప్టెన్ గట్టిగా కొట్టిపారేశాడు. ఆ కెప్టెన్ కంపెనీలో పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద తలకాయ, కిందివాడు రెండోసారి అడగలేదు. ఆ తర్వాత విమానయానంలో కింది స్థాయివాళ్ళు సూటిగా చెప్పడం, పైవాళ్ళు ఆగి వినడం, రెండూ శిక్షణలో భాగమయ్యాయి.

మెషిన్ రూమ్‌కి దాన్నే తెచ్చుకోవచ్చు. ఆపరేటరు వాక్యంలో మూడు ఉండాలి: అంకె, చేసిన పని, కావలసింది. "ప్రెషర్ 210 అండీ. రెండో మెషీన్ ఆపాను. లోడింగు ఆపించండి." మర్యాదకి "అండీ" చాలు, "ఏమో" అక్కర్లేదు. అవతలివైపు ఓనరు గానీ మేనేజరు గానీ విన్నదాన్ని తిరిగి చెప్పాలి: "210, రెండోది ఆపావు, లోడింగు ఆపిస్తున్నా." తర్వాత అడిగే ప్రశ్నలకీ ఒక వరస ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఏమేం ఆపావు, ఇంకేం కావాలి. "మళ్ళీ ఎప్పుడు నడుస్తుంది?" అన్నది నాలుగో ప్రశ్న. అదే మొదటి ప్రశ్నయితే ఆపరేటరుకి ఇంకేమీ వినిపించదు. నిజానికి నిండా సరుకున్న ఛాంబర్ తలుపులు మూసి ఉంచితే కొన్ని గంటలు మెషీన్ ఆగినంత మాత్రాన మిర్చికి ఏమీ కాదు. ఈ సంగతి ఓనరే స్వయంగా ఆపరేటరుతో అనాలి. లేకపోతే సరుకు పాడైతే నష్టం తన జీతంలో కోస్తారేమోనని అతను లోపల వణుకుతూనే ఉంటాడు.

అరిచే ఓనరు గురించే ఇంత చెప్పాను కాబట్టి మెతక ఓనరు మేలని అనుకోవద్దు. "అంతా మీరే చూసుకోండి, నాకేం తెలియదు" అనే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. పండక్కి బట్టలు పెడతాడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, మెషిన్ రూమ్‌లోకి ఏడాదికోసారి ఆయుధపూజకి వస్తాడు. ఆ రోజు కటౌట్ మీద తీగముక్క కళ్ళెదురుగా ఉన్నా ఏమీ అనడు. చూసి ఊరుకున్నాడంటే ఒప్పుకున్నాడనే కింద అర్థం చేసుకుంటారు. కెనడాలో కెల్లోవే, ముల్లెన్, ఫ్రాన్సిస్ 2006లో ప్రచురించిన పరిశోధన ఇదే తేల్చింది. భద్రత విషయంలో పట్టించుకోని నాయకత్వం వల్ల మంచి జరగకపోవడం ఒక్కటే కాదు, విడిగా చెడు కూడా జరుగుతుంది. నా లెక్కలో అరిచేవాడికంటే ఇతనే ఎక్కువ ప్రమాదం. అరిచేవాడు దేనికి అరుస్తాడో తెలుసు కాబట్టి దానినుంచి తప్పుకోవచ్చు. ఇతని దగ్గర మాస్కు కొనమని అడిగితే "తప్పకుండా" అంటాడు, మాస్కు రాదు.

మూడో రకం భాగస్వాముల ఏసీ. ఐదారుగురు వాటాదారులు, ప్రతివాడూ ఓనరే. ఒకాయన లోడింగు ఆపమంటాడు, ఇంకొకాయన తన బంధువు లారీ ఒక్కటి దింపించమంటాడు. ఆపరేటరు ఆఖరున ఫోను చేసినవాడి మాట వింటాడు. మెషిన్ రూమ్‌తో మాట్లాడేది ఒక్కరేనని, ఆ పేరు సీజనుకి ముందే కాగితం మీద రాసుకోవడం తప్ప దీనికి మందు లేదు.

లాగ్‌బుక్ చూస్తే ఓనరు ఎలాంటివాడో పది నిమిషాల్లో తెలుస్తుంది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికీ, అర్ధరాత్రి రెండింటికీ హెడ్ ప్రెషర్ ఒకే అంకె ఉందంటే ఆ అంకె గేజీ చూసి రాసింది కాదు. ఎనిమిది గంటల రీడింగులు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, గీతలు కొట్టకుండా ఉన్నా అంతే. నెలంతా ఒక్క ట్రిప్పూ, ఒక్క లీకూ లేని పుస్తకం కనబడితే నాకు భయమేస్తుంది. 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసినప్పుడు, మంచి హెడ్ నర్సు ఉన్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువ లెక్కకొచ్చాయి. అక్కడ ఎక్కువ జరగడం వల్ల కాదు, చెప్పుకోగలగడం వల్ల. మన ఏసీకీ అదే కొలత. కొట్టివేతలు, ఎర్రసిరా, "సక్షన్ వైపు గ్లాండ్ దగ్గర వాసన, బిగించాను" లాంటి వంకర రాతలు ఉన్న పుస్తకం ఆరోగ్యంగా ఉన్నట్టు.

వాసన సంగతి కొంచెం ఆగి చెప్పాలి. అమోనియా చాలామందికి గాలిలో 5 పీపీఎం (పది లక్షల్లో 5 వంతులు) దగ్గర నుంచే తెలుస్తుంది. ఎనిమిది గంటల పనికి హద్దు 25. 300 దాటితే ప్రాణాపాయం. మనిషి ముక్కే మంచి అలారం అంటారు. మిర్చి ఏసీలో ఆ అలారానికి రెండు తెగుళ్ళు. మిర్చి ఘాటుకి కళ్ళు ఎలాగూ మండుతుంటాయి, ముఠావాళ్ళు, అంటే బస్తాలు మోసే హమాలీలు, అమోనియా ఘాటుని కూడా దాని ఖాతాలోనే వేసేస్తారు. రెండోది, రోజూ ఆ గదిలో కూర్చునే ఆపరేటరు ముక్కు వాసనకి అలవాటుపడి మొద్దుబారుతుంది. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు "ఏ వాసనా లేదు" అని, నిన్న చేరిన కుర్రాడు "ఏదో మండుతోంది" అంటే కుర్రాడి మాటకే విలువ ఎక్కువ. కుర్రాణ్ణి పిలిచి "ఎక్కడ?" అని అడిగే సీనియరు ఉన్నాడా, "నీకేం తెలుసురా" అనే సీనియరా అన్నది ఓనరు పెంపకాన్ని బట్టి వస్తుంది. అడిగాక వెతకడం కష్టం కాదు. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం నీలమవుతుంది. వెలిగించిన గంధకపు వత్తి తెల్లగా పొగ కక్కుతుంది, కానీ గోతాల మధ్య ఛాంబర్‌లో నిప్పు వద్దు, అక్కడ కాగితమే.

ముఠా సంగతి ఇంకో రకం. హమాలీలు ఓనరు జీతగాళ్ళు కారు. టిక్కీకి ఇంత అని కూలి. లీకు వాసన వస్తోందని పని ఆపితే గంట కూలి పోతుంది. "భద్రతే ముఖ్యం" అని గోడ మీద రంగులేసి రాస్తే వాళ్ళు చదవరు, ఆపిన గంటకి కూలి కట్టారా లేదా అన్నది చదువుతారు. ముఠా మేస్త్రితో ముందే మాట్లాడి, ఆపిన సమయానికి అంతకు ముందు గంటలో దించిన టిక్కీల లెక్కన కూలి కడతామని ఒప్పుకోండి. ఛాంబర్ గుమ్మం దగ్గర నంబరు బిళ్ళల బోర్డు పెట్టి, లోపలికెళ్ళేవాడు బిళ్ళ తీసుకుని, బయటికొచ్చాక తగిలించేలా చూడండి. లోపల ఇంకా ఎవరున్నారో అప్పుడు కళ్ళతో లెక్కపెట్టొచ్చు.

నిజంగా లీకైనప్పుడు మాత్రం ఈ అడగడాలు, వినడాలు పక్కన పెట్టాలి. అప్పుడు కావలసింది ఒక్క గొంతు, చిన్న వాక్యాలు. ఆ గొంతు షిఫ్టులో ఉన్నవాడిది. బ్రాడీపేట నుంచి కారులో పరుగెత్తుకొచ్చిన ఓనరుది కాదు. బయట గోడ మీది ఎమర్జెన్సీ స్విచ్ నొక్కాలి, వెళ్ళగలిగితేనే రిసీవర్ దగ్గర కింగ్ వాల్వు (ద్రవం బయటికి పోయే ప్రధాన వాల్వు) మూయాలి, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగుడ్డ చూసి గాలికి అడ్డంగానో ఎదురుగానో జనాన్ని నడిపించాలి. గ్యాసు మీద నీళ్ళు తెరలా కొట్టొచ్చు, నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద కొట్టకూడదు, నీటి వేడికి అది ఇంకా ఉధృతంగా ఆవిరవుతుంది. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఉండాలి. డబ్బా మాస్కు పలచని గ్యాసులో తప్పించుకుపోవడానికే. లోపలికి వెళ్ళాలంటే వీపున గాలి సిలిండర్ ఉండే సెట్టు కావాలి. అదీ లెక్కకి 30, 45 నిమిషాలే, భయంతో రొప్పేవాడికి ఇంకా తక్కువ. ఓనరు పని గేటు దగ్గర: 101కి ఫోను, బిళ్ళల లెక్క, పక్క ఏసీ వాళ్ళకి కబురు. అతను మెషిన్ రూమ్ వైపు నడిచాడంటే నలుగురు జీతగాళ్ళు వెంట నడుస్తారు.

1984 డిసెంబరులో భోపాల్‌లో మిక్ (మిథైల్ ఐసోసయనేట్ అనే విషరసాయనం) ట్యాంకు వేడెక్కినప్పుడు దాన్ని చల్లబరచాల్సిన రిఫ్రిజిరేషన్ యూనిట్ పనిచేయడం లేదు. కొన్ని నెలల ముందే ఆపేశారు. ఆపింది ఆ రాత్రి షిఫ్టువాళ్ళు కాదు. మెషిన్ రూమ్ గోడ మీద ఉండే ప్రతి "తాత్కాలికంగా ఆపబడింది" చీటీ కింద, ఎవరు ఆపమన్నారో, ఏ తేదీ దాకానో రాయించే ఓనరు చాలా అరుదు.

జనవరి ఆఖరుకి, లారీల వరస మొదలయ్యేలోపు, ఒక రోజు పెట్టుకోండి. ప్లాంటు మెకానిక్, ఇద్దరు ఆపరేటర్లు, ముఠా మేస్త్రి, మేనేజరు కూర్చుని మీ ప్లాంటుకి తగ్గ అంకెలు తెలుగులో పెద్దక్షరాలతో బోర్డు మీద రాయండి. ఉదాహరణకి: 200 దాటితే లోడింగు ఆపాలి, 210 దాటితే ఒక మెషీన్ ఆపాలి, ఫోను ఆ తర్వాతే. కటౌట్ అంతకంటే పైన, సేఫ్టీ వాల్వు ఇంకా పైన ఉండాలి. కింద ఓనరు సంతకం చేయాలి. తర్వాత ఒక గంట డ్రిల్లు, ముఠాకి ఆ గంట కూలి అక్కడే చేతిలో పెట్టాలి. మార్చిలో మొదటిసారి ఎవరైనా ఆ బోర్డు చూసి లోడింగు ఆపినప్పుడు, గేటు బయట పదిహేను లారీలు హారన్లు కొడుతుండగా ఓనరు గారు ఆపరేటరుతో ఏమంటారో ముఠా అంతా చెవులు రిక్కించి వింటుంది.